హెవీ మెటల్ షో జ్ఞాపకం చెదిరిపోకుండా దాచుకోవడం ఎలా

షో ముగిసిన రాత్రే, ఇంకొకరు తీసిన వీడియో ఒక్కటి కూడా చూడకముందే, మీకు గుర్తున్నదంతా మీ మాటల్లో రాసిపెట్టుకోండి. ఇక్కడ చెప్పబోయే వాటిలో ఒక్క పని చేసే ఓపికే ఉంటే, ఇదొక్కటి చేసినా చాలు. మిగతావన్నీ దీనికి సాయపడేవే.

జ్ఞాపకం అనేది తీసి బీరువాలో పెట్టుకున్న ఫొటో కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కూర్చుకుంటుంది. ఆ కూర్పులోకి మధ్యలో చూసిన వీడియోలు, విన్న కబుర్లు దూరిపోతాయి. మీరు నిలబడింది స్టేజికి ఎడమవైపు, స్పీకర్ల స్తంభం పక్కన. మర్నాడు చూసిన వీడియో ఎదురుగా, బాల్కనీ మీంచి తీసింది. ఆ వీడియోను నెల రోజులు తిరగేసి చూస్తే, ఏడాది తర్వాత మీ కళ్లముందు మెదిలేది బాల్కనీ దృశ్యమే. మీ స్తంభం, మీ పక్కన గొంతు చించుకున్న మనిషి, మీ మెడ మీద పడ్డ చల్లటి నీళ్లు, అన్నీ కొట్టుకుపోతాయి. అభిమాన బ్యాండ్‌ను కళ్లారా చూసిన రాత్రికి అంతకన్నా పెద్ద నష్టం లేదు.

వెళ్లేముందు

పాటలు బాగా తెలిసి ఉంటేనే కళ్లకు తీరిక దొరుకుతుంది. తెలియని పాటను చెవులు వెతుక్కుంటూ ఉంటే స్టేజి మీద ఏం జరుగుతోందో బుర్రకెక్కదు. కాబట్టి మూడు, నాలుగు వారాల ముందు నుంచే బ్యాండ్ కొత్త ఆల్బమ్‌ను, కనీసం ఒక లైవ్ ఆల్బమ్‌ను వినండి. లైవ్ ఆల్బమ్ ఎందుకంటే, స్టూడియోలో లేనివి అందులో ఉంటాయి: ఎక్కడ వేగం పెరుగుతుంది, ఎక్కడ ఆగి జనం చేత పాడిస్తారు, గిటార్ రాగాన్ని జనం ఎక్కడ "ఓ ఓ ఓ" అని అందుకుంటారు. ఆ చోట్లు ముందే తెలిస్తే మీరూ గొంతు కలుపుతారు. పక్కవాళ్లతో కలిసి పాడిన పాట ఊరికే విన్న పాటకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

సెట్‌లిస్ట్ (ఆ రాత్రి వాయించే పాటల వరుస) ముందే చూస్తే ఎంత తెలిసిపోతుందనేది బ్యాండ్‌ను బట్టి ఉంటుంది. ఐరన్ మెయిడెన్ లాంటి బ్యాండ్ ఒక టూర్ పొడవునా దాదాపు ఒకే వరుస వాయిస్తుంది. సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్‌ఎం సైట్‌లో మొదటి రాత్రి జాబితా చూశారంటే మీ రాత్రి కూడా తెలిసిపోయినట్టే. మెటాలికా అలా కాదు. 2023లో మొదలైన టూర్‌లో ఒకే నగరంలో రెండు రాత్రులు వాయించినప్పుడు రెండో రాత్రి ఒక్క పాట కూడా మళ్లీ రాకుండా చూసుకుంది. ఏ బ్యాండ్ అయినా, పాటలు తెలిసి ఉండాలి కానీ వరుస తెలియకూడదు. లైట్లు ఆరాక మొదటి రెండు సెకన్లలో "ఇదా!" అని గుండె ఎగిరిపడే క్షణం వరుస తెలిసినవాళ్లకు దక్కదు. ముందే ఎవరైనా జాబితా పంపిస్తారని అనుమానముంటే ఆ వారం అభిమానుల గ్రూపులను మ్యూట్‌లో పెట్టేయండి.

షో ముందు హాల్లో వేసే పాటలను కూడా తెలుసుకుని వెళ్లండి. ఐరన్ మెయిడెన్ అభిమానులకు ఇది బాగా తెలుసు: స్పీకర్లలో యూఎఫ్‌ఓ బ్యాండ్ పాట 'డాక్టర్ డాక్టర్' మొదలైందంటే మెయిడెన్ వచ్చేస్తున్నట్టు లెక్క. ఆ పాట వినబడ్డాక ఎవరూ నీళ్లకని, బాత్రూమ్‌కని కదలరు. సగం ఆనందం ఆ నాలుగైదు నిమిషాల్లోనే ఉంది.

చెవులు

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన పరిమితి. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట. 100 డెసిబెల్స్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. మెటల్ షోలో 100 దాటడం మామూలు విషయం. అంటే నాలుగో పాట రాకముందే చెవుల ఆ రోజు కోటా అయిపోతుంది. వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ప్రమాణం పెట్టింది.

ఇయర్ ప్లగ్స్ రెండు రకాలు. ఫోమ్‌వి చవక, శబ్దాన్ని బాగా ఆపుతాయి. కానీ పై స్థాయి ధ్వనులను ఎక్కువగా మింగేస్తాయి కాబట్టి గొంతు, సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు మోగించే లోహపు పళ్లేలు) దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్ అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా, 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి. రెండు గిటార్లు ఒకే రాగాన్ని మూడు స్వరాల ఎడంతో వాయించేచోట, ప్లగ్ లేకుండా వినే మోతలోకన్నా ఫిల్టర్ ప్లగ్‌తోనే రెండూ విడివిడిగా తెలుస్తాయి. పెద్ద శబ్దానికి చెవి లోపలే బెదిరిపోతుంది కాబట్టి తగ్గించి వింటే స్పష్టత పెరుగుతుంది. బాస్ డ్రమ్ తగ్గిపోతుందేమోనని బెంగ అక్కర్లేదు, అది చెవితో కాదు, రొమ్ముతో వినేది.

ఫోమ్ ప్లగ్‌ను ఊరికే చెవిలో కుక్కితే పనిచేయదు. చేతులు శుభ్రం చేసుకుని, ప్లగ్‌ను వేళ్ల మధ్య దొర్లించి సన్నటి పుల్లలా చేయండి. ఎదుటి చేతిని తల మీదుగా తీసుకొచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. అప్పుడు చెవి దారి సూటిగా అవుతుంది. ప్లగ్ లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో అదిమి ఉంచండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే షో నడుస్తుండగా రెండు అరచేతులతో చెవులు మూయండి. శబ్దం పెద్దగా మారకపోతే బాగా కూర్చున్నట్టు. ఒక్కసారిగా తగ్గిపోతే ప్లగ్ సందులోంచి శబ్దం లోపలికి వస్తోందని అర్థం. ఎక్కువసార్లు తప్పు జరిగేది మధ్యలో: పాటల మధ్య మాట్లాడుకోవడానికి తీసి, మళ్లీ హడావుడిగా సగం పెట్టుకుంటారు. ఒక జత జేబులో అదనంగా ఉంచండి, ఒకటి కింద పడితే దాన్ని తుడిచి పెట్టుకోవద్దు.

షో తర్వాత చెవుల్లో గుయ్యిమంటూ ఉంటే మర్నాడంతా చెవులకు విశ్రాంతి ఇవ్వండి. రెండు రోజులైనా తగ్గకపోతే, లేదా ఒక చెవి సరిగా వినిపించకపోతే, ఆలస్యం చేయకుండా చెవి డాక్టర్‌కు చూపించండి.

ఎక్కడ నిలబడాలి

మీరు ఏ జ్ఞాపకం కోసం వెళ్తున్నారో దాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. ముందు వరుసలో వేళ్ల కదలికలు, ముఖాలు, చెమట కనిపిస్తాయి. కానీ సౌండ్ అక్కడ బాగోదు. పైన వేలాడదీసిన పెద్ద స్పీకర్లు తలల మీదుగా వెనక్కి కొడతాయి. ముందువాళ్లకు వినిపించేది స్టేజి అంచున పెట్టిన చిన్న స్పీకర్లు, నేరుగా డ్రమ్స్, కింద బాస్ స్పీకర్ల హోరు. గాయకుడి గొంతు మునిగిపోతుంది. సౌండ్ ఇంజినీర్ కూర్చునే మిక్సింగ్ బల్ల చుట్టుపక్కల నిలబడితే ఆయన వింటున్నదే మీరూ వింటారు, ఎందుకంటే సౌండ్‌ను సరిచేసేది అక్కడ వినే. బ్యాండ్‌ను రెండు రాత్రులు చూసే వీలుంటే మొదటి రాత్రి ముందు, రెండో రాత్రి మిక్సింగ్ బల్ల దగ్గర నిలబడండి. ఒక్క రాత్రే అయితే, మొదటిసారి చూస్తున్నవాళ్లకు ముందు వరుసే. సౌండ్ ఆల్బమ్‌లో దొరుకుతుంది, ఆ దగ్గరతనం ఇంకెక్కడా దొరకదు.

పెద్ద స్టేడియంలో వెనక నిలబడితే డ్రమ్మర్ కర్ర దిగిన తర్వాత శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి 100 మీటర్ల దూరానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. అది సౌండ్ సిస్టమ్ లోపం కాదు.

ఇక జనం. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే గుంపు నీళ్లలా అలలుగా కదలడం మొదలవుతుంది. అప్పుడు ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు. దాన్ని గుర్తుపట్టడం తేలిక: నాలుగు వైపులా మనుషులు తగులుతూ, చేయి ముఖం దాకా ఎత్తలేకపోతున్నారంటే చోటు మార్చాల్సిన సమయం వచ్చినట్టే. ఇంకో పాట అయ్యాక చూద్దాం అనుకోవద్దు. ప్రాణాలు పోయేది ఎక్కువగా తొక్కిడితో కాదు, రొమ్ము విప్పుకునే చోటు లేక ఊపిరాడకపోవడంతో. 1988 ఆగస్టు 20న ఇంగ్లండ్‌లోని డానింగ్టన్ పార్క్‌లో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్‌లో గన్స్ అండ్ రోజెస్ వాయిస్తుండగా ఇలాంటి తోపులాటలోనే ఇద్దరు అభిమానులు చనిపోయారు.

ఇరుక్కుంటే బాక్సర్‌లా రెండు చేతులూ రొమ్ము ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక ఉండాలి. అల తోసినప్పుడు ఎదురు తోయవద్దు, బలం వృథా. అల వెనక్కి తగ్గే క్షణంలో ఏటవాలుగా, పక్కకీ వెనక్కీ రెండేసి అడుగులు వేయండి. ఫోన్ కింద పడితే వంగవద్దు. బారికేడ్‌కు దగ్గరలో ఉంటే రెండు చేతులూ పైకెత్తి ఊపండి, ముందున్న సిబ్బంది లాగి బయటకు తీస్తారు.

మాష్ పిట్‌కు, అంటే స్టేజి ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోటుకు, రాసిపెట్టని నియమాలు కొన్ని ఉన్నాయి. కింద పడ్డ మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే లేపుతారు. దొరికిన బూటు, ఫోన్, కళ్లద్దాలు తల మీదకు ఎత్తి చూపిస్తారు. మోచేతులు కిందే ఉంచుతారు. ఇష్టం లేనివాళ్లను లోపలికి లాగరు. వాల్ ఆఫ్ డెత్ అని, ఎదురెదురుగా పరిగెత్తి ఢీకొట్టుకోవడానికి గాయకుడు జనాన్ని రెండుగా చీల్చినప్పుడు, మధ్యలో ఖాళీ తెరుచుకోవడం మొదలవగానే, అందులో దిగే ఉద్దేశం లేనివాళ్లు పది అడుగులు వెనక్కి జరగాలి. అక్కడే నిలబడి ఫోన్‌లో తీద్దామనుకునేవాళ్లకే దెబ్బలు తగులుతాయి.

కాళ్లకు మూసి ఉండే, అలవాటైన బూట్లు, రెండు ముళ్లు వేసిన లేసులు. కొత్త బూట్లు వద్దు. కళ్లద్దాలకు వెనక పట్టీ. జిప్ ఉన్న జేబులు. పెద్ద బ్యాగు వద్దు, చాలా వేదికలు లోపలికి రానివ్వవు కూడా.

మెడ

హెడ్‌బ్యాంగింగ్ (పాటకు తగ్గట్టు తల గట్టిగా ఊపడం) మీద 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. తల ఊపే పాటల సగటు వేగం నిమిషానికి 146 బీట్లని లెక్కగట్టారు. ఆ వేగంలో తల 75 డిగ్రీలకన్నా ఎక్కువ తిరిగితే తలకు స్వల్ప దెబ్బ తగిలే ప్రమాదం ఉందన్నారు. ప్రతి బీట్‌కూ కాకుండా బీట్ విడిచి బీట్‌కు ఊపమన్నది వాళ్ల సలహాల్లో ఒకటి. అలా చేస్తే 146 కాస్తా 73 అవుతుంది, ఊపులో ఉన్న పూనకం ఏమీ తగ్గదు. దీనికి తోడు మెడ ఒక్కదానితో కాకుండా మోకాళ్లు, నడుము కలిపి వంగండి. మర్నాడు మెడ పట్టేయడం మామూలే. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం డాక్టర్‌కు చూపించి, తల ఊపిన సంగతి కూడా చెప్పండి.

ఫోన్ ఎప్పుడు తీయాలి

కొన్ని బ్యాండ్‌లు ఈ ప్రశ్నే లేకుండా చేస్తున్నాయి. ఘోస్ట్ బ్యాండ్ 2025 టూర్‌లో ఫోన్లను తాళం వేసిన సంచుల్లో పెట్టించింది. అదే ఏడాది ఫోన్లు తగ్గించమని ఐరన్ మెయిడెన్ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ అభిమానులను అడిగారు. ఎవరూ ఆపకపోయినా తక్కువ తీయడమే మంచిదనడానికి ఒక ఆధారం ఉంది. మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాళ్లకన్నా ఆ వస్తువులు తక్కువ గుర్తున్నాయని 2014లో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు ప్రచురించారు. అందులో మనకు పనికొచ్చే మెలిక ఒకటుంది: వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ తగ్గుదల కనబడలేదు. అంటే దెబ్బ కొట్టేది కెమెరా కాదు, ధ్యాస పెట్టకుండా తీయడం.

కాబట్టి పాటకు ఒక వివరం ఎంచుకోండి. మొదటి పాటలో బాసిస్టు కాలు ఎక్కడ పెడుతున్నాడో చూడండి. రెండో పాటలో డ్రమ్మర్ ఎడమ చేయి. మూడో పాటలో స్టేజిని వదిలేసి పక్కవాళ్ల ముఖాలు. ఇలా చూస్తే ఇంటికెళ్లాక రాయడానికి సరుకు ఉంటుంది. స్టేజి మొత్తాన్ని ఒకేసారి చూడబోతే ఏదీ చేతికి చిక్కదు.

తీయాల్సినవి మూడు, నాలుగు క్లిప్‌లు, ఒక్కోటి 30 సెకన్లు చాలు. పాటను తీయకండి, జనాన్ని తీయండి. మెటాలికా 2004 నుంచి తన షోల రికార్డింగులను తనే అమ్ముతోంది. చాలా బ్యాండ్‌లకు లైవ్ ఆల్బమ్‌లున్నాయి. మీ ఫోన్ వాటికి సాటి రాదు. వాటిలో లేనిది మీ చుట్టూ ఉన్న నాలుగు వరుసల గొంతు. లైట్లు ఆరడానికి పది సెకన్ల ముందు మొదలుపెట్టి తొలి అరుపు దాకా తీయండి. జనం అంతా కలిసి పాడే చోట ఒకటి, చివరి నమస్కారం దగ్గర ఒకటి.

ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు కొన్ని మీటర్లే పోయి, ముందువాళ్ల తలలను తెల్లగా చేసి, స్టేజిని చీకటి చేస్తుంది. చీకట్లో ఒక్క ముఖం మీదే లైట్ పడినప్పుడు ఫోన్ వెలుతురు పెంచేసి ఆ ముఖాన్ని తెల్ల మచ్చ చేస్తుంది. కాబట్టి ముఖం మీద వేలు అదిమి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేసి, వెలుతురును కిందికి లాగండి. లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లో పడనివ్వకండి, కెమెరా సెన్సర్ శాశ్వతంగా పాడవచ్చు. సౌండ్ పగిలిపోయి రావడానికి కారణం మైక్ మోయలేనంత శబ్దం. వీడియో యాప్ దాన్ని తగ్గించనివ్వకపోతే, రికార్డింగ్ స్థాయిని చేత్తో తగ్గించే యాప్ ఒకటి ముందే వేసుకుని, అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. ఫోన్ అడుగున ఉన్న మైక్ రంధ్రాన్ని అరచెయ్యి మూస్తోందేమో చూసుకోండి, గుడ్డలో మూటగట్టినట్టు వచ్చే రికార్డింగులకు చాలాసార్లు అదే కారణం.

ఆ రాత్రి రాసుకోవడం

బయటికి రాగానే, దారిలోనే, ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేయండి. రాయడానికి చేతులు వణికే సమయం అది, మాట మాత్రం ఉరకలేస్తుంది. పైగా ఆ బొంగురుపోయిన గొంతే ఇరవై ఏళ్ల తర్వాత మీకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డింగ్ అవుతుంది. మీతో వచ్చినవాళ్లు ఉంటే ముందు ఎవరికి వాళ్లు విడివిడిగా చెప్పుకోవాలి. కలిసి మాట్లాడుకుంటే గట్టిగా చెప్పినవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది.

పడుకునేముందు కాగితం మీద పెట్టండి. పాటల వరుసతో మొదలుపెట్టవద్దు, అది రేపు ఎలాగూ దొరుకుతుంది. ఒంటికి తెలిసినవాటితో మొదలుపెట్టండి: ఎక్కడ నొప్పి, చొక్కా ఎంత తడిసింది, ఏ వాసన, కాళ్ల కింద నేల ఎలా ఉంది. తర్వాత ఎక్కడ నిలబడ్డారో ఒక బొమ్మ గీయండి: స్టేజి ఒక గీత, మీరు ఒక చుక్క, పక్కన ఎవరెవరు. ఆ తర్వాత కళ్లతో చూసినవి. చివర పాటలు. గుర్తురాని చోట ఖాళీ వదిలి ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి నింపవద్దు.

"అదరగొట్టేశారు, జన్మలో మరిచిపోలేను" అని రాస్తే ఏడాది తర్వాత ఆ కాగితం మీకేమీ తిరిగివ్వదు. ఇలా రాసినది తిరిగిస్తుంది: "లైట్లు ఆరగానే ముందున్నాయన కళ్లద్దాలు తీసి పట్టీ బిగించుకున్నాడు. బాస్ డ్రమ్ మొదటి దెబ్బకు చొక్కా గుడ్డ నా రొమ్ముకు తగిలి అదిరింది. నాలుగో పాటలో గిటార్ తీగ తెగింది, ఆయన నవ్వి, తీగ వేలాడుతుండగానే పక్కకెళ్లి తెల్ల గిటార్‌తో వచ్చాడు. ఆ కాసేపూ బాసిస్టు ఒక్కడే లాగించాడు." పొగడ్త ఒక్కటీ లేదు, కానీ చదువుతుంటే మళ్లీ అక్కడ నిలబడ్డట్టు ఉంటుంది.

మర్నాడు సెట్‌లిస్ట్ చూసి వేరే రంగు సిరాతో సరిదిద్దండి. తప్పును చెరపవద్దు, ఒక గీత కొట్టి పక్కన రాయండి. ఏ పాటను రెండోదని అనుకున్నారో, అది నిజానికి ఐదోదని తేలితే, ఆ పాట మిమ్మల్ని ఎంత పట్టి ఊపిందో ఆ తప్పే చెబుతుంది. ఇక వీడియోలు ఎన్నయినా చూసుకోండి.

టికెట్, టీషర్ట్, ప్యాచ్

టికెట్ చాలావరకు థర్మల్ కాగితం మీద అచ్చవుతుంది. దాంట్లో సిరా ఉండదు, వేడికి నల్లబడే రసాయనపు పూత ఉంటుంది. అందుకే వేడి లామినేషన్ చేయిస్తే కాగితమంతా నల్లబడిపోతుంది. ఎండలో పెడితే అక్షరాలు వెలిసిపోతాయి. మెత్తటి పీవీసీ కవర్లలోని నూనెలు కూడా అచ్చును తినేస్తాయి. మొదటి వారంలోనే 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేసి, పాలీప్రొపిలీన్ కవర్‌లో చీకటిగా, చల్లగా ఉండేచోట పెట్టండి. టికెట్ ఫోన్‌లోనే ఉంటే గేటు దగ్గరే స్క్రీన్‌షాట్ తీసుకోండి, షో అయ్యాక కొన్ని యాప్‌లలో మాయమైపోతుంది.

టూర్ టీషర్ట్‌ను తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. డ్రయ్యర్ వద్దు, అచ్చు మీద ఇస్త్రీ అసలే వద్దు. ఆ అచ్చు ప్లాస్టిక్ లాంటి పదార్థం, వేడికి మెత్తబడి అంటుకుంటుంది, పగులుతుంది. వెనక వైపు నగరాల పేర్లు, తేదీలు ఉన్న చొక్కా దొరికితే అదే కొనండి, ముందు బొమ్మ ఎంత బాగున్నా జ్ఞాపకానికి ఆధారం వెనక వైపే.

స్టేజి మీద అతికించిన సెట్‌లిస్ట్ కాగితం దొరికితే అది అదృష్టం. దాని అంచుల్లో నల్ల టేపు ఉంటుంది. పీకవద్దు, కాగితం పొర ఊడొస్తుంది. టేపు బయటికి ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి, జిగురు వేరే వాటికి అంటకుండా సిలికాన్ పూత ఉన్న కాగితం మీద పెట్టి స్కాన్ చేయండి. బూటు ముద్ర ఉంటే ఉండనివ్వండి, అదీ ఆ రాత్రిదే.

ప్యాచ్‌ను (బ్యాండ్ పేరో బొమ్మో ఉన్న గుడ్డముక్కను) జాకెట్‌కు జిగురుతో అంటించవద్దు. జిగురు గట్టిపడి పెళుసవుతుంది, తర్వాత కుడదామంటే సూది దిగదు. నాలుగు మూలలా గుండుసూదులు పెట్టి, జాకెట్ తొడుక్కుని భుజాలు కదిపి చూసి, డెనిమ్ సూదితో, పాలిస్టర్ దారంతో, 3 నుంచి 4 మిల్లీమీటర్లకు ఒక కుట్టు చొప్పున అంచు చుట్టూ కుట్టండి. జేబు మీద కుట్టేటప్పుడు లోపల ఒక అట్టముక్క పెట్టకపోతే జేబు మూసుకుపోతుంది.

పాత అభిమానుల జ్ఞాపకాలు సేకరించేటప్పుడు

మీరు పుట్టకముందు బ్యాండ్‌ను చూసినవాళ్లు ఉంటారు. వాళ్ల జ్ఞాపకాలు రాసిపెట్టడం గొప్ప పని, కానీ అడిగే తీరు ముఖ్యం. "షో ఎలా ఉంది?" అని అడిగితే వందసార్లు చెప్పిన కథే మళ్లీ వస్తుంది. "లోపలికి ఏ తలుపులోంచి వెళ్లారు? ఎవరి పక్కన నిలబడ్డారు? ఇంటికి ఎలా చేరారు?" అని అడగండి. ఎప్పుడూ ఎవరూ అడగనివి కాబట్టి ఆ జవాబులు చెక్కుచెదరకుండా ఉంటాయి. మధ్యలో పేర్లు, తేదీలు అందించవద్దు. మీరు అందించిన పేరే వాళ్ల జ్ఞాపకం అయిపోతుంది.

ఏ ఏడాదో గుర్తులేదంటే, స్టేజి మీద ఎవరున్నారో అడగండి. ఐరన్ మెయిడెన్‌కు ఇది చక్కగా పనికొస్తుంది. ముగ్గురు గిటారిస్టులు ఉన్నారంటే 1999 లేదా ఆ తర్వాతది, గాయకుడు బ్రూస్ డికిన్‌సన్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చింది అప్పుడే. గాయకుడు బ్లేజ్ బేలీ అయితే 90ల నడిమి నుంచి చివరి దాకా. ఈజిప్టు గుడిలా స్టేజి, మమ్మీ వేషంలో ఎడ్డీ (బ్యాండ్ గుర్తుగా వాడే భూతం బొమ్మ) కనిపించాయంటే 1984–85 టూర్. స్టేజి మీద స్పిట్‌ఫైర్ యుద్ధ విమానపు నమూనా వేలాడిందంటే 2018లో మొదలైన టూర్. డ్రమ్స్ దగ్గర నికో మెక్‌బ్రెయిన్ కాకుండా సైమన్ డాసన్ ఉన్నాడంటే 2025 లేదా ఆ తర్వాత. నికో చివరి టూర్ షో 2024 డిసెంబర్ 7న సావో పాలోలో జరిగింది.

మెటాలికాకు బాసిస్టే గుర్తు: క్లిఫ్ బర్టన్ అయితే 1986 సెప్టెంబర్ 27 లోపు, జేసన్ న్యూస్టెడ్ అయితే అక్కడి నుంచి 2001 మొదటి దాకా, రాబర్ట్ ట్రుజిల్లో అయితే 2003 నుంచి. బ్లాక్ సబ్బాత్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2007లో గాయకుడు డియోతో సబ్బాత్‌ను చూశామని చెప్పేవాళ్ల టికెట్ మీద ఉండే పేరు 'హెవెన్ అండ్ హెల్', డియో ఉన్న ఆ బృందం అప్పుడు ఆ పేరుతోనే తిరిగింది. 2013 ప్రాంతంలో బ్యాండ్‌ను మొదలుపెట్టిన అసలు నలుగురినీ చూశామంటే డ్రమ్మర్ ఎవరని అడగండి, ఆ టూర్లలో అసలు డ్రమ్మర్ బిల్ వార్డ్ లేడు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో ఆ అసలు నలుగురూ మళ్లీ కలిసి వాయించారు. 17 రోజులకే, జులై 22న, వాళ్ల గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కన్నుమూశారు. విల్లా పార్క్ షోలో ఉన్నవాళ్లు మీకు తెలిసి ఉంటే, ముందుగా వాళ్ల దగ్గరికే వెళ్లండి.

లైవ్ ఆల్బమ్‌లు జ్ఞాపకాల్లోకి చొరబడడం చాలా తరచుగా కనిపించే పొరపాటు. ఐరన్ మెయిడెన్ 1985 లైవ్ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం అమెరికాలోని లాంగ్ బీచ్‌లో రికార్డయింది, అందులో డికిన్‌సన్ ఆ ఊరి పేరు పెట్టి జనాన్ని అరవమంటాడు. దాన్ని ఏళ్లపాటు విన్నవాళ్లు, తాము చూసింది వేరే నగరంలో అయినా, ఆ అరుపును చెవులారా విన్నామనే చెబుతారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. అలాంటి చోట వాదించకండి. చెప్పింది చెప్పినట్టే రాసి, కింద మీరు సరిచూసిన తేదీ, ఊరు, బ్యాండ్‌లో ఉన్నవాళ్ల పేర్లు విడిగా రాయండి. టికెట్, ఆనాటి పేపర్ ప్రకటన, టీషర్ట్ వెనక వైపు, ఈ మూడింట్లో రెండు కలిస్తే తేదీ ఖాయం చేసుకోవచ్చు.

రాసినదాన్ని చెప్పినవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి. వినగానే చాలామందికి ఇంకో రెండు సంగతులు గుర్తొస్తాయి. రికార్డర్ ఆన్‌లోనే ఉంచండి.